మాట తడబడని అక్క

ప్రియమైన అక్కకి,

మొన్న నా బుర్రకి ఫొటో తీశారు. పెద్ద మెషీన్‌లో పడుకోబెట్టి మాట్లాడమన్నారు. నాకు నత్తి వచ్చినప్పుడు మాటల్ని నడిపే ఎడమవైపు మందగిస్తుందట, కుడివైపు అనవసరంగా హడావుడి పడుతుందట. "ఇది భయమూ కాదు, మొండితనమూ కాదు" అంది డాక్టరమ్మ. ఏడుపొచ్చేసింది అక్కా.

నత్తి లేని తోబుట్టువు బుర్ర ఫొటో కూడా నాదాని పక్కన పెట్టి చూడాలట. ఒక్కసారి రా. దాచడం ఎందుకు, నువ్వంటే నాకు కడుపుమంట. సోఫాల షోరూంలో నువ్వు గలగలా మాట్లాడుతుంటే ఊరికే చూద్దామని వచ్చినవాళ్ళు కూడా కొనేస్తారు. నేనేమో కట్టుడు పళ్ళ ల్యాబులో ఊరందరి నోళ్ళకీ పళ్ళు చేస్తూ, నా నోరు మూసుకుని కూర్చుంటాను. ఒకే కడుపున పుట్టాం కదా, నీ ఒక్కదానికే ఎలా దక్కింది? ఆ తేడా నా కళ్ళతో చూడాలి.

నీ చెల్లి

బంగారు చెల్లికి,

షోరూంలో సేల్ నడుస్తోంది, ఊపిరాడట్లేదు. అయినా నా బుర్రలో ఏముందే, దూది తప్ప! ఇంకెవర్నైనా చూసుకోమను. పాప నిన్ను తెగ అడుగుతోంది.

నీ అక్క

మహాగొప్ప అక్కగారికి,

నాకోసం ఒక్క పూట తీరిక లేదా? చిన్నప్పుడు పక్కింటావిడ "పెద్దది చిలక, చిన్నది మూగది" అంటే నవ్వావు. ఇప్పుడూ అంతే. నీ గొప్ప నువ్వే ఉంచుకో. రాకపోతే మాత్రం నాకు అక్క లేదనుకుంటాను.

చెల్లి

ప్రియమైన నా చెల్లికి,

నీకు చెప్పకుండా నిన్న వెళ్ళొచ్చాను. డాక్టరమ్మ మన ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "వీటిని బట్టే తేల్చలేం గానీ, మాట్లాడేటప్పుడు మీరు మాటలు మార్చేసుకుంటారా?" అంది. అంతే, ఆవిడ ముందే బావురుమన్నాను.

నాదీ నీ నత్తే చెల్లీ. ఏ మాట అడ్డం పడుతుందో ముందే పసిగట్టి, దాన్ని వదిలేసి ఇంకో మాట అందుకుంటాను. నా గలగలంతా ఆ పరుగే. నాకు ఇష్టం కాఫీ. హోటల్లో ఆ మాట పెగలదు, టీ అనేస్తాను. ఇన్నేళ్ళూ టీయే తాగాను.

నీకు కడుపుమంటా? నీమీద నాకెంతుందో తెలుసా! ఎంతసేపు పట్టినా, ఎవరు నవ్వినా, నువ్వు అనదలుచుకున్న మాటే అంటావు. పాపకి మన అమ్మ పేరు పెట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో. ఆస్పత్రిలో నర్సు పేరడిగితే అది నా గొంతు దాటలేదు. నోటికి తేలిగ్గా వచ్చిన పేరేదో చెప్పేశాను. అందరూ బాగుందన్నారు. నువ్వైతే ఆ నర్సుని గంటసేపు నిలబెట్టైనా అమ్మ పేరే చెప్పేదానివి.

నీ అక్క