ఆవాల రంగు గోడ

కర్దనూర్,
6-4-1997

చిరంజీవి అన్నపూర్ణకు పెద్దమ్మ నర్సింహమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, బర్రె తప్ప. దానికి జలుబు. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

మీ అన్న శ్రీశైలానికి గుమ్మడిదల నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు స్వరూప. పోయి చూసి వచ్చాం. వాడికి ఎంత నచ్చిందంటే, అప్పటి నుంచి బర్రెతో కూడా మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఈ నెల ఇరవై ఎనిమిదిన, సోమవారం నాడు, వాళ్ళు మన ఇల్లు చూడటానికి వస్తారు. పిల్ల తల్లి అరుణమ్మ గట్టి మనిషి. ఇప్పటికే రెండు ఇళ్ళు చూసి వద్దన్నదట. అదే నా బుగులు.

నువ్వు హైదరాబాదులో ఇళ్ళు అలంకరించే ఆఫీసులో పని చేస్తున్నావు కదా. మన ఇంటికి ఏ రంగు వేయాలో, ఏది ఎక్కడ పెట్టాలో జెర వివరంగా రాయి. ఎస్టీడీ బూతుకు పోతే మీటరు తిరగడం చూస్తూ చెప్పే మాట మర్చిపోతాను. అందుకే ఈ ఉత్తరం.

భారమంతా నీ మీదే వేసిన
పెద్దమ్మ

తా.క.: మీ పెద్దబాపు గోడలకు గులాబీ రంగు వేద్దామంటున్నాడు. మందుల కంపెనీలో ఆయన మిషను మీద పడే గోలీలది అదే రంగు.


హైదరాబాదు,
10-4-1997

పూజ్యులైన పెద్దమ్మకు అన్నపూర్ణ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి గాలిలో తేలిపోయాను. ఇన్నాళ్ళకు మనవాళ్ళలో ఒకరు నన్ను సలహా అడిగారు!

ఇప్పుడు మా ఆఫీసులో అంతా స్కాండినేవియన్ పద్ధతే. మా మేడం విదేశీ పత్రికలు తెప్పిస్తారు. వాటిలోని ఇళ్ళు చూస్తుంటే మనసు చల్లబడుతుంది. గోడలు తెలుపు. కిటికీలకు పరదాలు ఉండవు, వెలుతురంతా లోపలికి రావాలి. సామాను తక్కువ. ‘ఇది నాకు నిజంగా అవసరమా?’ అని ఒక్కో వస్తువునూ పట్టుకొని అడగాలి. అవసరం లేనిది ఇంట్లో ఉండకూడదు.

అంతా తెలుపైతే బోసిగా ఉంటుంది కనుక, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకు మాత్రం ఆవాల రంగు వేయించు. ఈ ఏడాది చుడీదార్లలో, చీరల్లో కూడా అదే ఫ్యాషన్. అరుణమ్మగారు గుమ్మంలోనే ఆగిపోవాలి!

నీ మాట నిలబెట్టే
అన్నపూర్ణ

తా.క.: గులాబీ వద్దే వద్దు. నేను చెప్పానని పెద్దబాపుతో అనకు.


కర్దనూర్,
15-4-1997

చిరంజీవి అన్నపూర్ణకు పెద్దమ్మ దీవెనలు.

అంతా నువ్వు రాసినట్టే చేశాం. స్కాండినేవియన్ గారు మీ ఆఫీసులో పెద్ద మేస్త్రీ అనుకుంటాను. ఆయనకు మా నమస్కారాలు చెప్పు.

గోడలకు సున్నం వేయించాం. ఆవాల రంగు కోసం పోపుల డబ్బాలోంచి చారెడు ఆవాలు కొంగున కట్టుకొని పటాన్‌చెరులో రంగుల దుకాణానికి పోయాను. దుకాణం కిష్టయ్య వాటిని అరచేతిలో పోసుకొని, అటూ ఇటూ కదిలించి, “అక్కా, గిది నలుపే. గింత ఆలోచన ఎందుకు?” అన్నాడు. గుమ్మానికి ఎదురు గోడ ఇప్పుడు నిగనిగలాడుతున్నది. పక్కింటి రాజవ్వ తొంగి చూసి, “అంగన్‌వాడీ టీచరు పని ఇడిశిపెడ్తివి గదనే. మల్ల ఇంట్ల బడి వెడ్తున్నవా?” అంది.

ఇక సామాను. ఒక్కో వస్తువునూ అడిగాను. ఇత్తడి గంగాళాలు అవసరం లేదన్నాయి. అద్దాల బీరువా, కుట్టు మిషను, దేవుళ్ళ క్యాలెండర్లు, జింక బొమ్మ ఉన్న మఖ్మల్ గుడ్డ, ఏదీ అవసరమని చెప్పలేదు. పడక కుర్చీని అడుగుతుంటే మీ పెద్దబాపు జవాబు చెప్పబోయాడు. “నిన్ను అడగలేదు” అన్నాను.

ఇంట్లో చాప, పొయ్యి, నాలుగు గిన్నెలు మిగిలాయి. తక్కినదంతా పారేయలేం కదా. కంపెనీ వ్యాను హైదరాబాదుకు ఖాళీగా పోతుంటే డ్రైవరుతో మాట్లాడి నీ గదికి పంపాను. ఈ ఉత్తరం కంటే ముందే చేరి ఉంటుంది.

మనసు తేలికపడిన
పెద్దమ్మ

తా.క.: సామానులో కోళ్ళ గంప కూడా ఉంది. ఇక్కడ ఒక పెట్ట కనబడటం లేదు. గంప ఎత్తేటప్పుడు నిదానం.


హైదరాబాదు,
18-4-1997

పెద్దమ్మా, నమస్కారం.

సామాను చేరింది. నా గది తలుపు ఇప్పుడు సగమే తెరుచుకుంటుంది. ఒంటిని పక్కకు తిప్పి దూరుతున్నాను. గంగాళాలకూ కుట్టు మిషనుకూ మధ్య ఉన్న సందులో పడుకుంటున్నాను. కాళ్ళు చాపితే దేవుళ్ళకు తగులుతున్నాయి. ఇల్లుగలావిడ రుక్మిణమ్మగారు వచ్చి, “గది అని కిరాయికి ఇస్తే గోదాము జేసినవేంది?” అని నిలదీశారు.

పెద్దమ్మా, స్కాండినేవియన్ అంటే మనిషి కాదు. ఎక్కడో ఉత్తరాన చలి దేశాల వాళ్ళ పద్ధతి. ఆవాల రంగంటే నలుపు కాదు, పసుపు! వాళ్ళ ఆవాలు పసుపుపచ్చగా ఉంటాయి. ఆ గోడ మీద వెంటనే సున్నం వేయించు. శుభమా అని ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళకు నల్ల గోడ ఎదురవుతుందా? పైగా సామాను తగ్గించమన్నాను గానీ, ఇల్లు ఖాళీ చేయమని ఎప్పుడన్నాను?

కంగారుతో,
అన్నపూర్ణ

తా.క.: పెట్ట క్షేమం. రుక్మిణమ్మగారు గుడ్డు అనే మాట కూడా నోటితో పలకరు. ఇవాళ పొద్దున అది ఆవిడ పూజగది గడప మీద గుడ్డు పెట్టింది.


కర్దనూర్,
22-4-1997

అన్నపూర్ణకు పెద్దమ్మ రాయునది.

దీవెనలు ఉత్తరం చివర్లో ఇస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

గోడ మీద సున్నం వేయించాను. రెండు పూతలు వేసినా కింది నలుపు పైకి తేలి, మబ్బు పట్టినట్టు కనబడింది. దానికంటే నలుపే నయమని మళ్ళీ నలుపే వేయించాను. పసుపుగా ఉంటే వాటిని ఆవాలు అనడమెందుకు? చలి దేశాల వాళ్ళకు ఎండ కావాలి సరే, ఏప్రిల్‌లో కర్దనూరు వాళ్ళకు ఎందుకు? పరదాలు తీసినప్పటి నుంచి మీ పెద్దబాపు ఇంట్లో కూడా తలకు తువ్వాల చుట్టుకొని తిరుగుతున్నాడు. అసలు ఇళ్ళు ఇట్లా ఖాళీగా పెట్టుకుంటే ఆ దేశంలో పిల్లనెవరిస్తారు?

ఇంకా విను. సామాను వ్యానెక్కడం ఊరంతా చూసింది. “కొమురయ్య ఇంట్ల సామానంత అమ్ముకుండు, కంపెనీ మూతవడ్తదట” అని పుకారు పుట్టింది. రాజవ్వ కొంగు చాటున బియ్యం తెచ్చి, “ఎవ్వలకు జెప్పనులే” అని పెట్టి పోయింది. కంపెనీలో రెండో షిఫ్టు వాళ్ళు మిషన్లు ఆపి గేటు దగ్గర గుమిగూడారు. నిన్న మేనేజరే మన ఇంటికి వచ్చాడు. నాలుగు మూలలా చూశాడు. చాప మీద మీ పెద్దబాపు పక్కన కూర్చొని, గొంతు తగ్గించి, “కొమురయ్యా, నిజం చెప్పు. హెడ్డాఫీసు నుంచి నీకేమైనా తెలిసిందా? నాకైతే ఇంకా కాగితం రాలేదు” అన్నాడు.

ఆ పుకారు గుమ్మడిదల దాకా పోయిందట. శ్రీశైలం రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. ఇగ బడి భాష నాతోని కాదు. పిల్లా, నా సామాను నాకు పంపు. గా సంబంధం తప్పిపోతే నా కొడుకు మొఖం నేనెట్ల సూడాలె?

దీవెనలు.
పెద్దమ్మ

తా.క.: మీ పెద్దబాపు అంటున్నాడు: “నేను గూడ అవసరం లేకుంటే ఇప్పుడే జెప్పు, రేపటి వ్యాన్ల ఎక్కి పోత.”


హైదరాబాదు,
24-4-1997

పెద్దమ్మకు అన్నపూర్ణ కన్నీళ్ళతో రాయునది.

ఆదివారానికి ట్రాలీ ఆటో మాట్లాడాను. సామానుతో పాటు నేనూ వస్తున్నాను. సోమవారం వాళ్ళు వచ్చేలోపు అన్నీ ఎక్కడివక్కడ సర్దుతాను. నల్ల గోడకు అద్దాల బీరువా అడ్డం పెడదాం.

నిజం చెబుతున్నాను పెద్దమ్మా. ఆఫీసులో నా పని పరదా గుడ్డల ముక్కలు కత్తిరించి పుస్తకంలో అతికించడం. ఇల్లు ఎట్లా ఉండాలని నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే. ఆ సంబరంలో పత్రికలో చూసిందంతా రాసేశాను. అన్న పెళ్ళి నా వల్ల చెడితే ఆ ఊరి మొహం ఇక చూడను.

నీ
అన్నపూర్ణ

తా.క.: రుక్మిణమ్మగారు పెట్టకు నూకలు వేస్తున్నారు. నేను చూడటం చూసి, “పోయేదాంక పస్తు వెడ్తమా?” అని కసిరారు.


కర్దనూర్,
26-4-1997
(వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. అందగానే చదువు.)

చిరంజీవి అన్నపూర్ణకు పెద్దమ్మ వేయి దీవెనలు.

ట్రాలీ ఆపెయ్! ఒక్క గిన్నె కూడా కదిలించకు.

నిన్న మధ్యాహ్నం అరుణమ్మ, ఆమె భర్త మల్లయ్య చెప్పాపెట్టకుండా దిగారు. పుకారు విని, సంగతేమిటో కళ్ళతో చూద్దామని వచ్చారు. మీ పెద్దబాపు తువ్వాల చుట్టుకొని నేల మీద నిద్రపోతున్నాడు. ఆయన్ని తట్టి లేపాను. అరుణమ్మ నేరుగా లోపలికి నడిచింది. ఒక్కో గదీ తిరిగింది. గోడలోని ఖాళీ అల్మరాలో వేలు రాసి చూసుకుంది. చివరికి వచ్చి చాప మీద కూలబడి ఏడ్చింది.

“వదినె, మీకెవరు జెప్పిన్రు?”

“ఏంది వదినె?”

“మా స్వరూపకు దుమ్ము పడదని. తుమ్ములు మొదలైతే ఆయాసం దాంక పోతది. ఏ ఇల్లు సూసినా పాత సామాను, బూజు. గందుకే వద్దన్న. ఎట్ల జెప్పాల్నో తెల్వక మీ దగ్గర గూడ దాసిన. మీరు ఎట్లనో తెలుసుకొని, ఒక్క మాట అనకుంట, మా పిల్ల కోసం ఇల్లంత ఖాళీ జేసుకున్నరా?”

మీ పెద్దబాపు నోరు తెరిచాడు. ఆయన కాలు తొక్కాను. మల్లయ్య గోడ వైపు చూసి, “మరి గీ నలుపేంది బావా?” అని అడిగాడు. మీ పెద్దబాపు తడుముకోకుండా, “దిష్టికి” అన్నాడు.

వాళ్ళు సంతోషంగా పోయారు. నేను దేవుడికి దండం పెట్టుకుంటుంటే శ్రీశైలం డ్యూటీ నుంచి వచ్చాడు. సంగతి విన్నాడు. “అమ్మా, ఆమె మనల నమ్మి ఏడ్సింది. గా కండ్లనీళ్ళ మీద నేను పెండ్లి జేసుకోను” అని స్కూటరెక్కి గుమ్మడిదల పోయాడు. వాడు తిరిగొచ్చే దాకా మేమిద్దరం మెతుకు ముట్టలేదు.

వాళ్ళ వాకిట్లో నిలబడి వాడు అంతా చెప్పాడట. నీ ఉత్తరం, చలి దేశాలు, పోపుల డబ్బా, కిష్టయ్య దుకాణం, ఏదీ వదల్లేదు. అరుణమ్మ మొహం బిగుసుకుపోయిందట. అప్పుడు లోపలి నుంచి నవ్వు వినబడింది. నవ్వు తుమ్ములైంది. స్వరూప ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకొని బయటికొచ్చి తల్లితో అన్నదట: “తెలిసి జేసిన్రో తెల్వక జేసిన్రో నాకెందుకమ్మా? ఇంతకుముందు వచ్చినోళ్ళందరు గూడ మంచిగనే మాట్లాడిన్రు. ఖాయమైన సంబంధం పోయినా మంచిదేనని వచ్చి నిజం జెప్పినోడు ఈయనొక్కడే.”

అరుణమ్మ వాడిని పైనుంచి కిందికి చూసిందట. తర్వాత, “నిలవడ్డడు గద, చాయ పెట్టుపో” అన్నదట. ఆ చాయ తాగి వచ్చినవాడు ఇవాళ పొద్దున బర్రెకు కూడా శుభవార్త చెప్పాడు.

లగ్గం వైశాఖంలో. పిల్ల షరతు ఒక్కటే: ఇల్లు ఇట్లాగే ఉండాలి. రేపు ట్రాలీ లేకుండా నువ్వొక్కదానివే రా. నువ్వు పెట్టించిన పెళ్ళి ఇది.

నీ ఋణం తీర్చలేని
పెద్దమ్మ

తా.క.: అరుణమ్మ వదినె వాళ్ళ ఇంట్లో సామాను కూడా తీసేస్తదట. నీ గదిలో ఇంకెంత జాగా ఉందో కనుక్కోమంది.