జిమ్నోకాషా వారి పేరు వారికే చెందేటట్టు

ఈదులమెరక సుధాకరరావు అనే నేను, కీర్తిశేషులు వెంకటరత్నం గారి రెండో కుమారుణ్ణి, అరవై నాలుగేళ్ళవాణ్ణి, స్వస్థలం కాకినాడ, ప్రస్తుత కాపురం ఖతార్ దేశం దోహా నగరం మదీనత్ ఖలీఫాలో అద్దె విల్లా, నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. పక్కగదిలోంచి నా భార్య భానుమతి "ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారా? ఆస్తి కంటే ఉపోద్ఘాతమే ఎక్కువైందే!" అనడాన్ని బలవంతం కింద లెక్కించకూడదు. పెళ్ళయిన నాటి నుంచీ అది నడుస్తున్నదే.

వచ్చే మంగళవారం నా గుండెకు బైపాస్. డాక్టరుది మంచి హస్తవాసి అంటున్నారు. స్టేడియాలు కట్టడానికి ఇన్నేళ్ళు ఎండలో మాడినవాణ్ణి, నవంబరులో వాటిలో ప్రపంచకప్పు బంతి దొర్లకముందే పోయే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. కానీ నేను ప్లానింగ్ ఇంజనీర్ని. ఏ పనికైనా రెండో ప్లాను చేతిలో లేకపోతే నిద్రపట్టదు. ఇది ఆ రెండో ప్లాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్నయ్య కొడుకు చిరంజీవి నిరంజన్‌ది. దోహాలోనే బ్యాంకు ఉద్యోగం, ముత్యాల్లాంటి దస్తూరి. నేను చెప్తుంటే రాస్తున్నదీ అతనే. రాసేటప్పుడు నవ్వకూడదని షరతు పెట్టాను. ఇప్పటికే తప్పాడు.

1. కాకినాడ ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా పేరున ఉన్న స్థిరచరాస్తులు యావత్తూ నా తదనంతరం నా భార్య భానుమతికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె వాటిని అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు, దానం చేసుకోవచ్చు. ఒక్క తాళంచెవుల డబ్బా మాత్రం పారెయ్యకూడదు. అవి ఏ తాళాలవో నాకూ తెలియదు. పారేసిన మర్నాడు తప్పకుండా తెలుస్తుంది.

2. ఈదులమెరక ఊళ్ళో నా వాటా కొబ్బరితోట, ఇక్కడి పాత ప్రాడో కారు నా ఏకైక కుమార్తె మనోజ్ఞకు. ఆ కారు ఆమె నడుపుతుంటే పక్కసీట్లో కూర్చుని నేను లేని బ్రేకు తొక్కేవాణ్ణి. అది ప్రేమే తల్లీ, నీ డ్రైవింగ్ మీద అనుమానం కాదు. అనుమానం కూడా కాస్త ఉందనుకో. నీ పెళ్ళిలో నేను ఏడవలేదని చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు. పెరట్లో స్నానాలగది తలుపు గట్టిది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

3. నా మసాజ్ కుర్చీ మా సైటు ఫోర్‌మన్ రాజన్నకు. జగిత్యాల వైపు మనిషి. క్యాంప్ నుంచి ఎప్పుడు మా ఇంటికి వచ్చినా అందులో కూర్చుని "సార్, గిందుల కూసుంటె లేవబుద్ధయితలేదు" అంటాడు. కుర్చీని ఊరికి చేర్చే కార్గో ఖర్చు నా ఖాతాలోంచి ఇవ్వాలి. భర్త దుబాయ్ నుంచి కుర్చీ పంపిండని అతని భార్య బాలవ్వ వాడంతా చెప్పుకోవాలి. తానుండేది ఖతార్ అని రాజన్న ఏళ్ళ తరబడి ఆమెకు చెప్తూనే ఉన్నాడు. మాఫీ ఫాయిదా, ఏం లాభం లేదు.

4. నా బావమరిది గంగాప్రసాద్‌కు కాకినాడ ఇంట్లో అటక మీదున్న పట్టుపరుపు. ఎందుకో అతనికి తెలుసు. తెలియని వారసుల కోసం వివరిస్తున్నాను.

2019 డిసెంబరులో కాకినాడలో మనోజ్ఞ పెళ్ళి. వరుడు తొమెక్ పోలండ్ కుర్రాడు, దోహాలో ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. అతని తండ్రి యానుష్ నాతోపాటు స్టేడియం పైకప్పు పనిలో ఉన్నవాడు, వియ్యంకుడు కాకముందే నాకు మిత్రుడు. పెళ్ళయ్యాక అల్లుణ్ణి పద్ధతి ప్రకారం అలకపాన్పు ఎక్కించారు. అతను ఆ పరుపు మీద అలిగి కూర్చోవాలి, మామగారిని ఏదో ఒకటి అడగాలి, ఇస్తానని మామ ఒప్పుకునేదాకా దిగకూడదు. ఏ వాచీయో ఫోనో అడుగుతాడులే, దాంతోపాటు ఇద్దామని నేను జేబులో ఉంగరం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఈలోగా గంగాప్రసాద్ కుర్రాడి చెవిలో ఊదాడు: "చిన్నది అడిగితే మా బావకి అవమానం. పెద్దదే అడుగు."

తొమెక్ బుద్ధిమంతుడు. పెద్దలు చెప్పింది వింటాడు. చాలాసేపు ఆలోచించి, అందరికీ వినపడేలా, "మీ ఇంటిపేరు ఇవ్వండి మామయ్యగారూ" అన్నాడు.

పందిరంతా ఈలలు. నేను మీసం మెలేసి "ఇచ్చాను పో!" అన్నాను. వేళాకోళం అనుకున్నాను మరి. వాళ్ళ దేశంలో మగవాడు కూడా భార్య ఇంటిపేరు పెట్టుకోవచ్చని నాకు ఎవరు చెప్పారు? తర్వాత కరోనా వచ్చిపడి, పోలండ్‌లో ఆ పెళ్ళి రిజిస్టరు అయ్యేసరికి నిరుడు ఎండాకాలం అయింది. ఆ కాగితాల్లో తొమెక్ జిమ్నోకాషా కాస్తా తొమెక్ ఈదులమెరక అయి కూర్చున్నాడు. సంగతి విని రాజన్న నోరు తెరిచి, "ఇంటిపేరు ఇచ్చేటిదా సార్? అదేమన్న గొర్రెపిల్లనా?" అన్నాడు. ఈ మాట గంగాప్రసాద్‌ని అడగాలి. పరుపు మీద పడుకుని తీరిగ్గా ఆలోచించుకోమనండి.

5. ఇక జిమ్నోకాషా అన్న పేరు సంగతి. ఇది ఆస్తి కాదు, వీలునామాలో దీనికి చోటు లేదు అని వకీలు అన్నాడు. ఫీజు నాది, చోటు నేనే చేస్తాను.

పోలిష్ భాషలో ఆ మాటకు చల్లారిన జావ అని అర్థమట. యానుష్ ముత్తాతల్లో ఒకాయన కోతల రోజుల్లో జావ కాచి కూలీలకోసం పొలానికి మోసుకెళ్ళేవాడు. దారిలో ఎదురైన ప్రతి మనిషినీ ఆపి కబుర్లు పెట్టేవాడు. పొలం చేరేసరికి జావ చల్లగా అయిపోయేది. ఊరివాళ్ళు ఆ పేరు తగిలించారు, అదే వంశానికి నిలిచిపోయింది. యానుష్ వచ్చిన సైటు మీటింగులో ఒక్కసారి కూర్చున్నవాడెవడూ ఈ కథను శంకించడు. అతను చేతిలోని కరక్ చాయ్ వేడిగా ఉండగా తాగడం నేనైతే చూడలేదు.

బళ్ళో పిల్లలు తొమెక్‌ని జావ అని ఏడిపించేవారట. అందుకే పెద్దది అడగమనగానే వాడికి ఆ కోరిక తట్టింది. పాపం, వాడి బాధ వాడిది.

మా ఈదులమెరక వాళ్ళ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. ఊరిపేరే ఇంటిపేరు. ఊళ్ళో సగం మంది మేమే, మిగతావాళ్ళం రాజమండ్రి, విశాఖ, హైదరాబాదు నిండా ఉన్నాం. ఫోన్లో బంధువుల గ్రూపు పెడితే నిండిపోయి రెండోది పెట్టాల్సి వచ్చింది. ఏ సంబంధం చూసినా ఇంటిపేరు ఒకటే అని తప్పిపోతుంటుంది. మాలో ఒకడు పెరిగినా తరిగినా ఎవరికీ తెలియదు.

జిమ్నోకాషాలు అలా కాదు. యానుష్ తాతగారి నాడు ఒక నది ఒడ్డున పల్లె నిండా వాళ్ళే. యుద్ధంలో ఆ పల్లె తగలబడింది, మిగిలినవాళ్ళు తలోదిక్కూ పోయారు. ఏ ఇంటిపేరు ఎంతమందికి ఉందో వాళ్ళ ప్రభుత్వం ఏటా లెక్క బయటపెడుతుంది. మనం క్రికెట్ స్కోరు చూసినట్టు యానుష్ అది చూస్తాడు. ఒకప్పుడు ముప్ఫై పైచిలుకు, తర్వాత పద్దెనిమిది, నిరుడు తొమ్మిది. తగ్గినప్పుడల్లా ఎవరు పోయారో కనుక్కుని చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తాడు. ఈ సంవత్సరం లెక్కలో ఎనిమిది. వాళ్ళలో ఐదుగురు పండుముసలివాళ్ళు, ఇద్దరు పిల్లల్లేని అన్నదమ్ములు, ఎనిమిదోవాడు యానుష్. ఆ తర్వాత ఎవరూ లేరు.

ఆ లెక్క చూసిన రోజున యానుష్ నాతో ఒక్కటే మాట అన్నాడు. "ఈసారి ఎవరూ చావలేదు సుధా, అయినా ఒకటి తగ్గింది."

కొవ్వొత్తి ఎవరికి వెలిగించాలో అతనికి తెలియలేదు.

అంతకుముందు ప్రతి శుక్రవారం ముఐథర్ నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. "జావ వారు వచ్చారు, అన్నం చల్లార్చండి!" అని నేను గుమ్మంలోంచే కేకేసేవాణ్ణి. "నీలాంటివాడు బస్సుకొకడు దొరుకుతాడు" అని అతననేవాడు. వియ్యంకులన్నాక ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ముద్ద దిగదని నేనే అతనికి నేర్పాను. జనవరి నుంచి రావడం మానేశాడు. పోట్లాట లేదు, మాట తూలడం లేదు, అడిగితే డ్యూటీ అంటాడు. మొన్న మార్చిలో వాళ్ళ పోలండ్ జట్టు గెలిచి మన దోహా కప్పుకి అర్హత సంపాదిస్తే ఫోను చేసి యల్లా, పార్టీ ఎప్పుడన్నాను. "మీవాడికి చెప్పు, సంతోషిస్తాడు" అన్నాడు. మీవాడు! కన్నకొడుకుని పట్టుకుని నాతో మీవాడు అన్నాడు.

నా రొమ్ము కోస్తారంటే నాకంత భయం లేదు. మంగళవారం నేను ఆ బల్ల మీంచి లేవకపోతే, యానుష్ మనసు ఇలా ముడుచుకుని ఉండగా పోయినవాణ్ణవుతాను. దానికే భయపడుతున్నాను.

6. పేరు వెనక్కి తీసుకొమ్మని తొమెక్‌కి నోటితో చెప్పలేకపోయారా అని వారసులు అడగవచ్చు. చెప్పాను. ఒకసారి కాదు, కనపడ్డప్పుడల్లా చెప్పాను. నవ్వి, "పర్లేదు మామయ్యగారూ" అంటాడు. తప్పు వాడిది కాదు, భానుమతిది. పెళ్ళయిన కొత్తలో వాడు చాలు, వద్దు అంటుంటే ఈవిడ ఇంకో గరిటె పప్పు వడ్డించేది. తెలుగువాళ్ళ ఇంట్లో వద్దంటే మొహమాటమే, పట్టించుకోకూడదని మనోజ్ఞ వాడికి పాఠం చెప్పింది. వాడు పాఠం మరీ బాగా నేర్చుకున్నాడు. నా పేరు నాకు వదిలెయ్యరా అంటే, మామయ్యగారు మొహమాటపడుతున్నారు, ఇంకా గట్టిగా పట్టుకోవాలి అనుకుంటున్నాడు. పైగా పాన్పు మీద ఇచ్చింది తిరిగి ఇస్తే నా పరువు పోతుందని వాడి బెంగ.

కావున ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: అలకపాన్పు మీద నేను తొమెక్‌కి ఇచ్చిన ఈదులమెరక అను ఇంటిపేరును సంపూర్ణంగా, బేషరతుగా, తిరుగులేకుండా వెనక్కి తీసుకుంటున్నాను. బదులుగా ఆనాడు నా జేబులోనే ఉండిపోయిన ఉంగరం ఇస్తున్నాను. తొమెక్ తన తండ్రి ఇంటిపేరును తిరిగి ధరించవలెను. రానున్న జులైలో మనోజ్ఞకు పుట్టబోయే శిశువు, ఆడైనా మగైనా, జిమ్నోకాషా అనే పిలవబడవలెను. మనోజ్ఞ ఏ ఇంటిపేరు ఉంచుకుంటుందో ఆమె ఇష్టం, అందులో నేను గాని ఇంకొకరు గాని వేలు పెట్టరాదు.

తొమెక్, ఇది మొహమాటం కాదు నాయనా. స్టాంపు కాగితం తెప్పించాను, వకీలుకి ఫీజు కట్టాను, ఇద్దరు సాక్షులను పిలిచాను. మొహమాటానికి ఇంత హంగామా ఎవరూ చెయ్యరు. బళ్ళో నీ బిడ్డను ఎవరైనా జావ అంటే, మా తాత వెయ్యిమంది ఈదులమెరకల్లో ఒకడు, నేను ప్రపంచం మొత్తమ్మీద పదిమందిలో ఒకర్ని అని చెప్పమను. అప్పటికి పది కంటే పెంచితే మరీ మంచిది. ఆ విషయంలో భార్యాభర్తలకు నేను సలహా ఇవ్వను.

వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందని వకీలు అభ్యంతరం. ఈ ఆరో అంశం మాత్రం నేను బతికుండగానే, సంతకాల సిరా ఆరగానే అమల్లోకి రావాలి. చట్టం ఒప్పుకోకపోతే భానుమతి ఒప్పిస్తుంది.

7. యానుష్‌కి ఈ వీలునామాలో నేను ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం చేసేవాడికి లాభం ఉండకూడదని వకీలు గట్టిగా చెప్పాడు. ఇచ్చింది పుట్టబోయే బిడ్డకు గనక చట్టానికి లోటు రాలేదు.

ఆపరేషన్‌కి ముందు ఒక సాక్షి సంతకం కావాలంటే ఇవాళ వచ్చాడు. మూడు నెలల తర్వాత మా గుమ్మం తొక్కాడు. హాల్లో కూర్చున్నాడు. భానుమతి వడ్డిస్తోంది, అతను వద్దంటున్నాడు, నాకు వినిపిస్తోంది. అతనికి తెలుగు చదవడం రాదు. ఇందులో ఏముందో అడగలేదు, నేను చెప్పలేదు. సంతకం అయ్యాక మనోజ్ఞ అతనికి పోలిష్‌లో చదివి వినిపిస్తుంది. అప్పుడు అతని ఎదురుగా కూర్చుని ఆ ముఖం చూడటం, నా యావదాస్తిలో నేను నాకోసం అట్టేపెట్టుకున్న వాటా. దాని మీద ఎవరికీ ఏ హక్కూ లేదు.

ఇది నేను చదివించుకుని, విని, సరిగ్గా ఉన్నదని ఒప్పుకుని చేసిన సంతకం.

దోహా, 2022 ఏప్రిల్ 22, శుక్రవారం.

(సం.) ఈదులమెరక సుధాకరరావు

సాక్షులు:

1. (సం.) బుర్హానుద్దీన్, పక్క విల్లా. ఇఫ్తార్ ముగించుకుని వచ్చి సంతకం చేశారు.

2. (సం.) యానుష్ జిమ్నోకాషా, ముఐథర్.

దస్తూరి: ఈదులమెరక నిరంజన్.

గమనిక: ఇందులో కొట్టివేతలు గాని, దిద్దుబాట్లు గాని లేవు. రెండో సాక్షి సంతకం చేసిన వెంటనే, సిరా ఆరకముందే, మనోజ్ఞ ఆరో అంశం చదివి వినిపించింది. కాగితం ఆయన చేతిలోనే ఉన్నందువల్ల సంతకం తడిసి అలుక్కుపోయింది. పత్రం చెల్లుబాటు కోసం ఆయన దాని కింద మరోసారి పూర్తి పేరుతో, పెద్ద అక్షరాలతో సంతకం చేశారు.

(సం.) యానుష్ జిమ్నోకాషా