తిరిగి రాని మిక్సీలు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నమ్మనక్కర్లేదు.

నిన్న మీ హెడ్డాఫీసు నుంచి నాకో కాగితం వచ్చింది. కంపెనీ రిపేరు కౌంటర్లు ముప్పై ఎనిమిదింటినీ వరసగా వేసి, పక్కన రంగులు పూశారు. నాకు ఎరుపు. కింద ఒక ముక్క: "కస్టమర్ల లాయల్టీ నూటికి నాలుగు. మూడు నెలల్లో మెరుగుపడనిచో కౌంటరు మూసివేయబడును." ఇరవై ఆరేళ్లుగా ఈ కంపెనీ మిక్సీలూ ఫ్యాన్లూ ఇస్త్రీ పెట్టెలూ ఈ రెండు చేతులతోనే బాగుచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క మనిషి కూడా నన్ను తిట్టుకుంటూ మెట్లు దిగలేదు. నా దగ్గరికొచ్చేవాళ్లకి నామీద అభిమానం లేదని తేల్చిన పెద్దమనిషి ఎవరు?

ఆ రంగులు పూసే గదికి నువ్వే పెద్దవని మీ అమ్మ ఫోన్లో గొప్పగా చెప్పింది. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో నీకు నేర్పింది నేను. అది నాకే బిగిస్తావనుకోలేదు.

ఒళ్లు ఎక్కడ మండిందంటే, పచ్చరంగులో మొట్టమొదటి కౌంటరు జిగురు మాస్టారిది. పగిలిన జారునీ, అరిగిన కప్లర్‌నీ, ఆఖరికి తెగిన వైరుని కూడా జిగురుతో అతికించే ఘనుడాయన. ఆయన లాయల్టీ డెబ్భై ఒకటట. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
ఎరుపెక్కిన నీ మావయ్య

తా.క. ఉత్తరం ఎందుకంటే, ఫోన్ చేస్తే "కాల్" అని, మెయిల్ పెడితే "ఫిర్యాదు" అని మీ యంత్రం నా పేరు మీదే రాసుకుంటోంది. పోస్టు కవరుకి మీ దగ్గర ఇంకా గడి లేదని కనుక్కున్నాను.

*

పూజ్యులైన మావయ్యకి నమస్కరించి, కాస్త భయపడుతూ రాయునది.

నీమీద ఎవరికీ కక్ష లేదు. అన్ని కౌంటర్లలోనూ మీరు కంప్యూటర్లో కొట్టే ప్రతి ఎంట్రీ ఇక్కడికి వస్తుంది. సిస్టం వాటిని కలిపి, కొలిచి, పొద్దున్నే మేనేజర్ల తెరమీద పెడుతుంది. ఎక్కడికి ఏ పార్టులు పంపాలి, ఎక్కడ మనిషి కావాలి, ఏ కౌంటరు మూయాలి అన్నది అది చూసి నిర్ణయిస్తారు. అంతకుముందు ఎలా నిర్ణయించేవాళ్లో నీకు తెలియంది కాదు. గట్టిగా అరిచినవాడికి పార్టులు, పెద్దసారు బావమరిదికి కౌంటరు. ఆ రోజులే బావున్నాయా చెప్పు.

లాయల్టీ అంటే, ఒకసారి వచ్చిన ఫోన్ నంబరు తొంభై రోజుల్లో మళ్లీ మన కౌంటరుకి రావడం. జిగురు మాస్టారి దగ్గరికి ఒక్కో మనిషి సగటున నాలుగుసార్లు వస్తున్నాడు. నీ దగ్గరికి ఒకసారి వచ్చినవాడు మళ్లీ కనబడటం లేదు. ఆ కొలత పెట్టింది నేనే. అందరికీ ఒకటే కొలత కదా, నీకని వేరే ఎలా పెట్టను? వచ్చినవాళ్లని ఎలాగోలా మళ్లీ రప్పించు మావయ్యా. మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. నువ్వు బాగుచేసిన మా ఇంటి మిక్సీ పదకొండేళ్లయినా తిరుగుతూనే ఉంది. నీ నంబరు పెరుగుతుందంటే దాన్ని మేడ మీంచి పడేయనా అని అమ్మ అడుగుతోంది. పడేశాక నీకు కబురు చేస్తుందట.

*

చి. మేనకోడలికి,

మీ అమ్మని ఆ మిక్సీ జోలికి పోవద్దని చెప్పు. ఆశీస్సులు తర్వాత.

తల్లీ, బాగుచేసిన మిక్సీ మళ్లీ నా దగ్గరికెందుకు వస్తుంది? జిగురు మాస్టారి దగ్గరికి నాలుగుసార్లు రాక ఏం చేస్తారు, జిగురు ఎండితే ఊడుతుంది కదా. దాన్ని మీరు అభిమానం అంటున్నారు. ఈ లెక్కన ఊళ్లో అందరికంటే అభిమానం ఎక్కువున్నది, తలుపు గొళ్లెం పడని ఇంటి మీద దొంగలకి.

అయినా మూడు నెలల గడువు నా మెడ మీద ఉంది కాబట్టి నువ్వు చెప్పినట్టే చేశాను. ఫ్యాను తీసుకెళ్తున్న దర్జీతో, "వచ్చేవారం ఒకసారి రండి" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "ఏం, సరిగ్గా చెయ్యలేదా?" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. నాకు తిండి సయించలేదు.

చివరికి వీధి చివర ఉండే రిటైరైన పంతులమ్మగారికి సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "హాజరు కావాలి, అంతేగా" అంది. మర్నాటి నుంచి రోజూ పొద్దున పదింటికి తన ఇస్త్రీ పెట్టె పట్టుకుని వస్తోంది. ఎంట్రీ కొట్టిస్తుంది, కూర్చుని పేపరు చదువుతుంది, పట్టుకెళ్తుంది. అది చూసి దర్జీ మొదలుపెట్టాడు. తర్వాత ఆయన చెల్లెలు. ఇప్పుడు వీధిలో సగంమంది చెడిపోని సామాను మోసుకుని నా మెట్లు ఎక్కుతున్నారు. సిగ్గుతో చస్తున్నాను.

ఇట్లు,
అభిమానధనుడు, మీ మావయ్య

తా.క. కుర్చీలు చాలడం లేదు. ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకుంటున్నారు. ఒకాయన కుర్చీకి కూడా ఎంట్రీ కొట్టమన్నాడు, కాలు కొంచెం ఊగుతోందట.

*

మావయ్యకి కంగారుగా నమస్కారాలు.

నీ లాయల్టీ ఎనభై ఎనిమిది. పచ్చరంగు. మా మేనేజరు తెర దగ్గరికి వెళ్లి నీ కౌంటరుని వేలితో చూపించి మరీ మెచ్చుకుంది. ఆ సంతోషం నాకు మధ్యాహ్నం దాకా ఉంది.

సిస్టం ఒక్క గడితో ఊరుకోదు మావయ్యా. నీ దగ్గరికి ఒక్క నెలలో ఆరువందల చెడిపోయిన సామాన్లు వచ్చాయని నమ్మి, దానంతట అదే రెండువందల నలభై మోటార్లు పంపించేసింది. ఇద్దరు మెకానిక్‌లని కూడా వేసింది. అక్కడితో ఆగినా బావుండేది. పంతులమ్మగారి ఇస్త్రీ పెట్టె పంతొమ్మిది రోజుల్లో పంతొమ్మిదిసార్లు చెడినట్టు తేలింది కదా, ఆ మోడల్ తయారీనే ఆపేద్దామని ఫ్యాక్టరీలో చర్చ జరుగుతోంది. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ నీ దగ్గరికి బయల్దేరాడు.

ఇట్లు,
తలపట్టుకున్న నీ మేనకోడలు

తా.క. పంతులమ్మగారిని రేపటినుంచి రావద్దని చెప్పు. నీకు పుణ్యం ఉంటుంది. ఇరవయ్యోసారి కూడా వస్తే ఆ ఇస్త్రీ పెట్టె గురించి పేపర్లో హెచ్చరిక వేస్తారట.

*

చి. మేనకోడలికి,

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మీ ఆఫీసు వైద్యం అలా ఉంది.

మోటార్లు వచ్చాయి. అట్టపెట్టెలు గుమ్మం నుంచి బాత్రూం తలుపు దాకా పేర్చారు. తలుపు ఇప్పుడు జానెడే తెరుచుకుంటుంది, నేను పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి వెళ్లాల్సి వస్తోంది. ఆ ఇద్దరు మెకానిక్‌లు చెయ్యడానికి పని లేక, నాకు స్క్రూ ఎలా పట్టుకోవాలో చెబుతున్నారు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. నీ ఉత్తరం ఆయన వచ్చిన మర్నాడు అందింది. "ఇది పంతొమ్మిదిసార్లు ఎలా చెడింది?" అని అడిగాడు. పంతులమ్మగారు ఆయన్ని కోటు విప్పమంది. బల్లమీద పరిచి, అదే ఇస్త్రీ పెట్టెతో మడతలు పోయేలా రుద్ది, మళ్లీ తొడిగించి, "ఇప్పుడు రాసుకో నాయనా" అంది. ఆయన రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నాకు తెలియదు.

నాకు నీమీద చాలా కోపంగా ఉంది. నేను సిగ్గు విడిచి దొంగ ఎంట్రీలు కొట్టాను, అది నా తప్పే. కానీ నన్ను ఆ పని చేసేలా చేసింది నీ కొలత. ఇంత పెద్ద యంత్రం పెట్టుకుని ఒక్క సరైన ప్రశ్న అడగలేవా? బాగుచేయించుకుని వెళ్లినవాళ్లలో ఎంతమంది అదే జబ్బుతో మళ్లీ వచ్చారు? అది లెక్కపెట్టు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నట్టు, ఆ తెరమీద పడితేగానీ మీకు నిజం నిజం కాదు. సరే, తెరమీదే వెయ్యి.

ఇట్లు,
మోటార్ల మధ్య నుంచి, మీ మావయ్య

తా.క. ఇద్దరు మెకానిక్‌లలో పొడుగాయన నిన్న నా కుర్చీ వంక చూసి, "మీ తర్వాత ఇది ఎవరికిస్తారు సార్" అన్నాడు. కాలు ఊగుతుందని చెప్పాను.

*

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు మేనేజరు దగ్గరికి వెళ్లి దొంగ ఎంట్రీల సంగతీ, నా కొలత తప్పన్న సంగతీ ఒప్పుకున్నాను. తిట్టింది. తర్వాత తనే పక్కన కూర్చుని దొంగ ఎంట్రీలన్నీ తీసేయించింది. తొమ్మిదేళ్ల రికార్డు తిరగేసి, అదే జబ్బుతో మళ్లీ వచ్చిన సామాను ఎంతో కౌంటరువారీగా గీశాం. ముప్పై ఎనిమిదిలో నువ్వు మొదట. జిగురు మాస్టారు ఆఖర. ఆ గ్రాఫు చూసి నాకు కళ్లు చెమర్చాయి. మా మావయ్య అని గదిలో అందరికీ చెప్పాను.

అప్పుడు వెనక నిలబడ్డ సేల్స్ పెద్దాయన, "దీని పక్కనే కొత్త సరుకు అమ్మకం కూడా వెయ్యమ్మా" అన్నాడు. వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. జిగురు మాస్టారి చుట్టుపక్కల కొత్త మిక్సీల అమ్మకం కంపెనీలోనే ఎక్కువ. నీ చుట్టుపక్కల అన్నిటికంటే తక్కువ. తొమ్మిదేళ్లుగా ఒక్క నెల కూడా తేడా లేదు. నువ్వు బాగుచేస్తే జనం కొత్తది కొనడం లేదు మావయ్యా. "ఈ కౌంటరు పదేళ్ల కిందటే మూసేయాల్సింది" అన్నాడాయన. శుక్రవారం పెద్దసారు దగ్గర మీటింగ్. గ్రాఫు నేనే చూపించాలి.

చేతులారా నీకు గొయ్యి తవ్వాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. ఈసారి తాజా కలంలో ఏమీ లేదు.

*

చి. మేనకోడలికి,

ఏడవకు. కోపం వస్తే నాకు రావాలి, వచ్చింది కూడా.

తప్పుగా కొలిచినప్పుడు నాకు మూడు నెలల గడువిచ్చారు. సరిగ్గా కొలిచాక శుక్రవారం అంటున్నారు. పని రాదని తీసేస్తే సర్దుకునేవాణ్ని. పని వచ్చని తీసేస్తుంటే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లను? వెళ్లి మాత్రం ఏం చెయ్యను? మీ అత్తయ్య ఇంట్లో చెడిపోయిన వస్తువు ఒక్కటి లేదు. రెండోరోజుకి పిచ్చెక్కుతుంది నాకు.

కానీ ఒక మాట. నాకోసం ఆ గ్రాఫులో ఒక్క గీత కూడా వంచకు. ఒకసారి వంచి చూశాం, మోటార్లు బాత్రూం దాకా వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు చూపించు. ఎవరేమడిగినా సూటిగా చెప్పు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఈ శుక్రవారం దాకా నా కౌంటరుకి వచ్చినవాళ్లందరికీ ఇంకో పదిహేనేళ్లు వచ్చేలా చేసి పంపుతున్నాను. మీ సేల్స్ పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు.

*

పూజ్యులైన మావయ్యకి నమస్కరించి రాయునది.

ఉన్నది ఉన్నట్టే చూపించాను. సేల్స్ పెద్దాయన లేచి, మూసేయాలని పావుగంట చెప్పాడు. పెద్దసారు కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"ఈయన ఎక్కడ కూర్చుంటే అక్కడ కొత్త మిక్సీ అమ్ముడుపోదు. అంతేనా?"

నువ్వు సూటిగా చెప్పమన్నావు కదా. "అంతే సార్" అన్నాను.

"ఖాయమా?"

"తొమ్మిదేళ్ల లెక్క సార్. ఒక్క నెల కూడా తప్పలేదు."

"మనవే కాదు, ఏ కంపెనీవైనా బాగుచేస్తాడా?"

"మోటారుంటే చాలు సార్, చేస్తాడు."

పెద్దసారు మీ ఊరి మ్యాపు తెరమీద వెయ్యమన్నాడు. మనకి పోటీ కంపెనీ వాళ్ల పెద్ద షోరూం ఎక్కడుందని అడిగాడు. చూపించాను. "దానికి సరిగ్గా ఎదురుగా గది దొరుకుతుందేమో చూడండి" అన్నాడు. ముందుగా నవ్వింది సేల్స్ పెద్దాయనే.

గది దొరికింది. సోమవారం నుంచి నీ కౌంటరు అక్కడే. "ఏ కంపెనీ సరుకైనా బాగుచేయబడును" అని బోర్డు రాయిస్తున్నారు, అక్షరాలు మూరెడెత్తు. ఆ ఇద్దరు మెకానిక్‌లూ నీతోనే వస్తారు. వాళ్లకి నీ పని నేర్పితే, ఆ కంపెనీ షోరూములు మీ ఊళ్లో ఇంకో రెండున్నాయట.

ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు. నీ పాత కౌంటరులో జిగురు మాస్టారిని కూర్చోబెడుతున్నారు. అది కూడా లెక్క చూసే చేశారు. నేను వద్దని గట్టిగా వాదించాను. ఓడిపోయాను. నీ వీధివాళ్లకి కొత్త చోటు చెప్పిరా, రెండు బస్సులు మారినా సరే నీ దగ్గరికే రమ్మను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. నీ కౌంటరుకి లాయల్టీ గడి తీసేసి కొత్త గడి పెట్టాను. ఎదుటి షోరూంలోకి వెళ్లి, ఉత్తి చేతులతో బయటికి వచ్చినవాళ్లు రోజుకి ఎంతమంది అని. ఎంత పెరిగితే నువ్వంత పచ్చన. దాన్ని కొలిచే యంత్రం మా దగ్గర లేదు. నీ కుర్చీ కిటికీవైపు వేయించాను.