చివరి గల్లీ నల్లా

మంగళవారం

పెబ్బేరు అవతలి ఆ ఊళ్లో పాత బోరు ఇవాళ మూసేశారు. ఈ నీళ్ల పోరులో గెలిచింది చివరి గల్లీ నాగమ్మ. ల్యాబ్ రిపోర్టు చూసి ‘నీళ్లు మంచివే’ అని ఎండాకాలంలో మా పేపర్లో రాసింది నేనే. మర్నాడే ఆమె ఫోన్ చేసింది.

“సారూ, గా సీసల పట్టిన నీళ్లు సర్పంచ్ ఇంటివి. ఆయనది వేరే బోరు. మా నల్లా ఎవలు చూసిన్రు?”

శాంపిల్ ఎక్కడ పట్టారో నేను అడగనే లేదు. నాగమ్మ పట్టుబట్టాక, రెండోసారి నీటి శాఖ ఇంజనీరు ఆమె నల్లా దగ్గరే సీసా నింపాడు. ఫ్లోరైడ్ ఎక్కువుందని తేలింది.

ఇవాళ ఆ నల్లాలో కృష్ణా నీళ్లొచ్చాయి. నాగమ్మ చెంబు నా చేతికిచ్చి, “తాగి రాయి సారూ, గీసారైనా!” అంది. గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె మనవరాలి పళ్ల మీది గార మాత్రం ఇక పోదేమో...

రేపటి వార్త నా పొరపాటుతోనే మొదలవుతుంది.