వాడి పాము తిన్న రోజు

మంగళవారం రాత్రి

నా కొడుకు ఏనాడూ నా పక్కన కూర్చుని అన్నం తినలేదు. పెట్టెలో పెంచుకున్న ఆ పరదేశం పాము తినేదాకా మాత్రం దాని ముందు నుంచి లేచేవాడు కాదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. చేపల వేటకెళ్లిన వాణ్ణి సముద్రం తీసుకుపోయాక పాము తిండి మానేసింది. ఇవాళ దాని పెట్టెలో బతికున్న ఎలుకను వదిలాను. పాము ముడుచుకుపోయింది. ఎలుకే దాన్ని కరిచింది.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏటి మావా ఈ పని! దానికి సచ్చిందే అలవాటు. మీ అబ్బాయి ఏడినీళ్లల్లో ఎచ్చబెట్టి, పట్టకారుతో ఆడించీవోరు."

ఆ ఎలుకనే చంపి, అలాగే ఆడించాను. చచ్చిన ఎలుకను బతికున్నదే అనుకుని పాము గట్టిగా చుట్టేసింది. మింగేదాకా నేనూ లేవలేదు.

కోడలు ఆదివారం దాన్ని ఎవరికో ఇచ్చేస్తానంటోంది. బతిమాలడం నాకు రాదు. "ఆదివారం లోపల సెప్పీమ్మా, దాన్ని నాకాడ ఉంచుతావా, నేదా?" అన్నాను.