వాకిట్లో కట్టిన తాడు

చిట్టీ,

నువ్వు పోయాక నీ కూతురు ఏదీ నోరు విప్పి చెప్పదు. వానాకాలమంతా కింద దురదను దాచుకుని, సెంటు సబ్బుతో ఇంకా రుద్దుకుంది. నిన్న ఫెరార్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మందిచ్చి, "లోపల కడగొద్దు, పైన మంచినీళ్లు చాలు. లోబట్టలు కాటన్‌వే వేసుకో, బాగా ఆరనివ్వు" అంది.

మనం లోబట్టలను చీర కింద దాచి ఆరేస్తాం. ఈ అండమాన్ తేమలో అవెక్కడ ఆరతాయి? పొద్దున్నే వాకిట్లో తాడు కట్టి దాని లోబట్టలు ఆరేశాను. వానొస్తుందేమోనని మబ్బును చూస్తూ కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

"పిన్నిగారూ, బయట ఆరేశారేటి? దారిన పోయే భయ్యాలు చూడరా?" అంది పక్కింటి లక్ష్మి.

"చూడనియ్యి. దురద వాళ్లకి కాదు కదా!"

సిగ్గుతో గదిలోకి పారిపోయిన నీ కూతురు, కాసేపటికి మిగతావి పట్టుకొచ్చి, "క్లిప్పులివ్వు అమ్మమ్మా" అంది.

మీ అమ్మ