ఫిబ్రవరి పన్నెండు, చివరి లైను

20 ఫిబ్రవరి 1994

ప్రియమైన వదినకు,

మోకాలి ఆపరేషన్ వల్ల రాలేకపోయానని మీరు నొచ్చుకోవద్దు. మీ చెల్లెలి ఆఖరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. రాస్తున్నాను.

తొమ్మిదో తారీఖు, బుధవారం. ఆరింటికి లేచింది. అరగ్లాసు పాలు తాగింది. కిటికీ తెరవమంటే తెరిచాను. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి నాడి చూశాడు. నన్ను వరండాలోకి పిలిచి, ఇక సూదులు పొడవడం ఎందుకు అన్నాడు. పదింటికి ఒళ్లు తుడిచి దుప్పటి మార్చాను. మధ్యాహ్నం నిద్రపోయింది. నాలుగు దాటాక కళ్లు తెరిచి ఒక్క మాట అడిగింది.

"పన్నెండో తారీఖుది అచ్చుకి వెళ్లిందా? చివరి లైను కొయ్యొద్దని చెప్పండి."

తన శీర్షిక గురించి. 'ఇదే రోజున' పద్దెనిమిదేళ్లు రాసింది కదా. ఏ తేదీన ఏ యుద్ధం ముగిసింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు. పదిహేను రోజులవి ముందే పత్రికకు పంపేది. వెళ్లి చెప్పి వస్తానన్నాను. తల ఊపింది. ఆరుంబావుకి ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. ఆ లైను గురించి అడిగిందే తన ఆఖరి మాట.

పన్నెండున పత్రిక వచ్చింది. తను పోయిన మూడో రోజు. నేనెప్పుడూ ఆ శీర్షిక చదివినవాణ్ణి కాదు. మొదటి పేజీ, నదుల నీటిమట్టాలు చూసి మడిచేసేవాణ్ణి. ఆ రోజు చదివాను. డార్విన్, లింకన్ ఒకే ఏడాది, ఒకే రోజున పుట్టారట. బాలే నర్తకి పావ్లోవా కూడా అదే తేదీ. ఆఖరి లైను ఇది:

"1868: 'పిచ్చుక' జననం. ఇరవై ఆరో ఏట ఉత్తరాలు రాయడం మానేశాడు."

ఈ పిచ్చుక ఎవరు? ఇంట్లో ఉన్న నాలుగు విజ్ఞాన సర్వస్వాలూ చూశాను. లేడు. పోయే ముందు తను తలుచుకున్న ఒక్క మనిషి వీడు. మీకేమైనా తెలుసా?

మీ మరిది

*

27 ఫిబ్రవరి

ప్రియమైన మరిదిగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒళ్లు తుడిచి దుప్పటి మార్చానని రాశారు చూడండి, అక్కడ మాత్రం కళ్లద్దాలు తీసేయాల్సి వచ్చింది. ఇంకేం రాయను, మీకూ బాధ, నాకూ బాధ.

నా సంగతి చెప్పాలంటే, డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. కుట్టు మిషన్ తొక్కొద్దన్నాడు. ముప్ఫై ఏళ్లు ఊరందరి కొలతలూ తీసిన మనిషిని మంచం మీద కూర్చోబెట్టి కాజాలు కుట్టుకోమన్నాడు. షాపులో ఉన్న పిల్ల ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. వేసుకునే ఆవిడ ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, "జేబు పెట్టమంటారా" అందట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక మీరడిగింది. పిచ్చుకో కాకో, నాకేం తెలుస్తుంది చెప్పండి. అది చదువుకున్న మనిషి, వేల పుస్తకాలు తిరగేసింది. వాటిల్లో ఎక్కడో దొరికి ఉంటాడు. ఏటా వచ్చేదానికి ఇప్పుడు కొత్తగా ఈ ఆరా ఏమిటి? అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. వేళకి తినండి. పక్క మందుల షాపుకి మాత్రం ఫోన్ చెయ్యకండి, నేను ఒక ముక్క మాట్లాడితే వీధంతా రెండు ముక్కలు వింటుంది. ఉత్తరమే రాయండి.

మీ వదిన

*

8 మార్చి

ప్రియమైన వదినకు,

ఆ లైను ఏటా వస్తుందని నేను మీకు రాయలేదు. నాకే తెలియదు. మీకెలా తెలుసు?

ముప్ఫై రెండేళ్లు వంతెనల పగుళ్లు వెతికిన ఉద్యోగం నాది. వెంట్రుకంత గీత కనిపించినా లోతు కొలవకుండా కదిలేవాణ్ణి కాను. మీ ఉత్తరం అందిన మర్నాడే పత్రిక ఆఫీసుకు వెళ్లాను. పాత సంచికల గదిలో రెండు రోజులు కూర్చున్నాను. బూజు, తేమ, ఒక్క బల్బు. పద్దెనిమిది ఫిబ్రవరి పన్నెండులూ తీయించాను. అన్నిట్లో పిచ్చుక ఉన్నాడు. కొన్ని రాసుకొచ్చాను.

1976: "ఎనిమిదో ఏట ఈత నేర్చాడు."

1978: "పదో ఏట తండ్రి గడియారం విప్పి, తిరిగి బిగించలేకపోయాడు."

1983: "పదిహేనో ఏట ఇంట్లో మాటలు తగ్గించాడు."

1989: "ఇరవై ఒకటో ఏట తొలిసారి ఓడ ఎక్కాడు."

1993: "ఇరవై ఐదో ఏట ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఇంట్లో చెప్పలేదు."

డార్విన్‌కి ఒక లైను, లింకన్‌కి ఒక లైను. అవి ఏటా మారలేదు. వీడికి మాత్రం ఏటా కొత్త కబురు.

ఎడిటరును అడిగాను. నవ్వాడు. "అది దొంగల కోసం పెట్టిన ఎర సార్. ఎదుటి పత్రికవాళ్లు మన శీర్షిక ఎత్తుకెళ్లి వేసుకుంటారు. అందుకని అక్కడక్కడా లేని మనిషిని ఒకణ్ణి పెట్టమన్నాను. అమ్మగారు వీణ్ణి పెట్టారు. వాళ్లు కళ్లు మూసుకుని కాపీ కొట్టారు. ఒక ఏడాదైతే మీసాలతో ఫొటో కూడా వేశారు" అన్నాడు. ఆ పత్రిక చూపించాడు. నిజమే. ఎవరో మీసాలాయన. కింద 'పిచ్చుక' అని ఉంది.

ఎర అయితే ఏటా అదే తేదీ ఎందుకు? లేని మనిషి గురించి చావు ముందు ఎవరు అడుగుతారు?

ఇంకోటి. తను రోజుకొక కార్డు చొప్పున మూడు వందల అరవై ఆరు కార్డులు చెక్కపెట్టెలో దాచుకుంది. శీర్షిక ఆగకుండా ఆ పెట్టె ఇమ్మని ఎడిటరు అడుగుతున్నాడు. లెక్కపెట్టాను. ఒకటి తక్కువ. ఫిబ్రవరి పన్నెండు. పెట్టె అడుగున రిజిస్టరు పోస్టు రసీదు దొరికింది. జనవరి 18. మీ ఊరికి.

ఎవరికి పంపింది?

మీ మరిది

*

14 మార్చి

ప్రియమైన మరిదిగారికి,

నాకే పంపింది. అబద్ధం ఆడను. కానీ అందులో ఏముందో అడక్కండి. దానికి మాటిచ్చాను. పోయినవాళ్లకిచ్చిన మాట తిరిగి అడిగి తీసుకోవడానికి కూడా ఉండదు.

మీరనుకునేది కాదని మాత్రం చెప్పగలను. ఇక్కడితో వదిలేయండి.

మీ వదిన

*

19 మార్చి

ప్రియమైన వదినకు,

నేనేమనుకుంటున్నానో మీకు రాయలేదు. మీరే "అది కాదు" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

సరే, రాస్తాను. ఎవడో ఉన్నాడు. దూరంగా ఉన్నాడు. ఉత్తరాలు రాసేవాడు, మానేశాడు. తను ఏటా ఒక రోజున పత్రికలో వాడికి కబురు పెట్టింది. నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని రాసింది. మీకు తెలుసు. దాచారు.

ఒక పని చేశాను. మీకు తెలియాలి. మాకు కొడుకు ఒక్కడే కదా, వాడూ మిగల్లేదు. ఊపిరి లేకుండానే పుట్టాడు, మీ ఇంట్లో, 1968 ఫిబ్రవరి పద్నాలుగున. ఆ తేదీ నేను మరిచిపోలేదు. తను దాని మాట ఎప్పుడూ ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు. మొన్న పత్రిక ఆఫీసుకు మళ్లీ వెళ్లి పద్దెనిమిది ఫిబ్రవరి పద్నాలుగులూ చదివాను. ఏదైనా ఒక మాట ఉంటుందేమోనని. లేదు. రాజులున్నారు, నౌకలున్నాయి, ఎవరెవరో ఉన్నారు. మా వాడికి ఒక్క మాట లేదు. రెండు రోజుల ముందు పుట్టిన పిచ్చుకకి మాత్రం ఏటా ఉంది.

ఎడిటరుకు చెప్పేశాను. పెట్టె ఇవ్వను. శీర్షిక ఆపేయమన్నాను. ఈ నెలాఖరుకి పాత కాగితాలవాడు వస్తాడు. కార్డులు వాడికి వేస్తాను.

ఇక రాయను.

మీ మరిది

*

26 మార్చి

ప్రియమైన మరిదిగారికి,

ముందు ఆ పాత కాగితాలవాణ్ణి వెనక్కి పంపండి. మిగతాది తర్వాత చదవండి.

మాట తప్పుతున్నాను. అది తిట్టినా పడతాను. మీరు నన్నన్న మాటలూ పడ్డాను, అవి నాకేం లెక్క కాదు. దాన్ని అనుమానించారు చూడండి, అదే మింగుడు పడలేదు. దానికి తోడు మీరు పద్నాలుగో తారీఖులన్నీ వెతికానని రాశాక, ఇక దాచడానికి నాకు గుండె చాల్లేదు.

మీ తేదీ తప్పు మరిదిగారూ. అది మేమిచ్చిన తేదీ.

మీకు టెలిగ్రాం ఇచ్చింది పదకొండున. నెల ముందే నొప్పులొచ్చాయి. పన్నెండు పొద్దున్నే పుట్టాడు. ఊపిరి లేకుండా కాదు. బతికే పుట్టాడు. నా రెండు అరచేతుల్లో సరిపోయాడు. ఏడుపు కూడా ఏడుపులా లేదు, కిచకిచమన్నాడు. నేనే అన్నాను, ఇదేమిటే పిచ్చుకని కన్నావు అని. అది నవ్వింది. షాపులో మిగిలిన మెత్తటి గుడ్డముక్కలు అతికి వాడికి చొక్కా కుట్టాను. బొత్తం పెట్టడానికి చోటు లేకపోయింది.

రెండు రోజులున్నాడు. అది కళ్లు గుమ్మం మీదే పెట్టుకుని కూర్చుంది. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, "అడుగో, మీ నాన్న" అని వాడితో చెప్పేది. పద్నాలుగు తెల్లవారుతుండగా పోయాడు. మీరు పదింటికి వచ్చారు. బూట్ల నిండా సిమెంటు. వీధి మలుపులో మిమ్మల్ని చూసి అది నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇవాళే పుట్టాడని చెప్పు. పుట్టేటప్పటికే లేడని చెప్పు. వాడు రెండు రోజులు ఎదురు చూశాడని తెలిస్తే ఆయన ఇక ఏ వంతెనా ఎక్కలేరు."

అదీ సంగతి. మంత్రసాని చేత కూడా అదే చెప్పించాం. మీరు నమ్మారు. తల వంచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత మీరు అడగలేదు, అది చెప్పలేదు.

పత్రికవాళ్లు లేని మనిషిని ఒకణ్ణి పెట్టమన్నప్పుడు దానికి వీడే దొరికాడు. ఎవరూ పోల్చుకోకుండా సరిగ్గా నూరేళ్లు వెనక్కి జరిపింది. 1968ని 1868 చేసింది. ప్రతి ఫిబ్రవరికీ వాడికి ఒక ఏడు పెంచింది. మీసాల ఫొటో వచ్చిన ఏడాది ఆ పత్రిక నాకు పంపి, "చూశావా, నీ చెల్లెలి కొడుక్కి మీసాలొచ్చాయి" అని రాసింది.

కార్డు ఇందులో పెడుతున్నాను. వెనక వైపు చూడండి. రాసినవన్నీ ఏటా కొట్టేసుకుంటూ వచ్చింది. కొట్టేయనిది ఒక్కటే మిగిలింది, వచ్చే ఏటిది. దాన్ని వచ్చే జనవరిలో నా పేరున ఎడిటరుకు పంపమంది. మీకు చెప్పొద్దంది. మీరే ఎప్పుడో చదువుతారని దాని ఆశ కాబోలు, నాకు తెలియదు.

నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు. వేళకి తినండి.

మీ వదిన

*

4 ఏప్రిల్

ప్రియమైన వదినకు,

కార్డు అందింది.

మిమ్మల్ని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. తనను అన్నవి తీసుకునే దారి లేదు.

మీరు రాయనిది ఒకటి ఉంది, నేను రాస్తాను. టెలిగ్రాం నాకు పదకొండు సాయంత్రమే అందింది. పన్నెండున వంతెనకి లోడు పరీక్ష. పదమూడున రెండో విడత. ఇసుక బస్తాలు నింపిన లారీలను వంతెన మీద వరసగా నిలబెట్టి, ఎంత వంగిందో కొలవాలి. వేరేవాళ్లు కొలవగలరు. నేనే ఉంటానన్నాను. టెలిగ్రాం చొక్కా జేబులోనే ఉంది. వంతెన ఆరు మిల్లీమీటర్లు వంగింది. లారీలు దిగాక మళ్లీ పైకి లేచింది. ఆ అంకె ఇరవై ఆరేళ్లుగా గుర్తుంది. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. వంతెన ఇప్పటికీ బాగానే ఉంది.

మీరు కుట్టిన చొక్కా ఏ రంగుదో రాయండి. ఆ రెండు రోజులూ వాడు ఎప్పుడు నిద్రపోయాడు, ఎప్పుడు లేచాడు, గుర్తున్నంత వరకు రాయండి. తొందర లేదు.

కార్డు వెనక చదివాను. పెన్సిలు గీతలు. కింద మిగిలిన లైను తన దస్తూరీలోనే ఉంది, కొంచెం వణికింది. "ఇరవై ఏడో ఏట ఇంటికి తిరిగి వచ్చాడు. తండ్రి తలుపు తీశాడు."

పాత కాగితాలవాడు శుక్రవారమే వచ్చాడు. పంపేశాను. కార్డును పదకొండుకీ పదమూడుకీ మధ్య పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. మూడు వందల అరవై ఆరు.

రేపు ఉదయం ఎనిమిది గంటల బస్సుకి పెట్టె తీసుకుని పత్రిక ఆఫీసుకు వెళతాను. ఎడిటరు పదింటికి గానీ రాడు. వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటాను. శీర్షిక ఆపొద్దని, నన్ను రాయనివ్వమని అడుగుతాను.

మీ మరిది